బరువు తగ్గే ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. ముందు ఏం చేయాలి, తర్వాత ఇంట్లో తిండి ఎలా?

ఖమ్మం టీచర్:

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క) 45 దగ్గర ఉందని రాశారు. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది, రెండు రకాల బిళ్లలు వాడుతున్నాను. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని స్లీప్ స్టడీలో తేలింది, రాత్రి మెషీన్ పెట్టుకుని పడుకోమన్నారు. గుండెల్లో మంట కూడా ఎక్కువే, అందుకే ఎండోస్కోపీ చూశాక హైదరాబాద్‌లో సర్జన్ గారు స్లీవ్ (కడుపులో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేసేది) వద్దు, గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపు పైభాగాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకి కలిపేది) చేద్దాం అన్నారు. వచ్చే నెలకి డేట్ ఇచ్చారు.

డాక్టర్లు చెప్పాల్సినవన్నీ చెప్పారు, కాగితాలు కూడా ఇచ్చారు, కానీ ఆ కాగితంలో ఉన్నవి సూప్, బ్రోత్, యోగర్ట్ లాంటివి. మా ఇంట్లో పొద్దున ఇడ్లీయో ఉప్మానో, మధ్యాహ్నం అన్నం పప్పు పచ్చడి, రాత్రి మళ్లీ అన్నమే. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు డైట్ చేయాలన్నారు, ఎలాగూ తగ్గించడానికే కోస్తున్నప్పుడు ముందే ఎందుకు కడుపు మాడ్చుకోవాలో నాకు అర్థం కావట్లేదు. తర్వాత అన్నం తినగలనా, ఎన్నాళ్లకి? స్కూల్‌కి ఎప్పుడు వెళ్లొచ్చు, మాది రోజంతా నిలబడి గొంతు చించుకునే పని. జుట్టు ఊడిపోతుందంటున్నారు, నిజమేనా?

ఇంకొకటి. మా అత్తయ్యకి ఇది అస్సలు ఇష్టం లేదు. "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోయించుకుంటారా ఎవరైనా" అంటున్నారు. ఆవిడ చెడ్డవారు కాదు, నా మీద ప్రేమతోనే అంటున్నారు, ఆపరేషన్ తర్వాత నాకు వండి పెట్టేది కూడా ఆవిడే. కానీ రోజూ ఆ మాట వింటుంటే టెన్షన్‌గా ఉంది. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

బెజవాడ అక్క:

చెల్లీ, నాకు బైపాస్ అయి మూడేళ్లు దాటింది, అందుకని నువ్వు అడిగినవన్నీ ఓపిగ్గా చెప్తాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది, చదువుకో.

ముందు మీ అత్తగారి సంగతి. ఆవిడతో వాదించకు. డైటీషియన్ దగ్గరికి వెళ్లే రోజు ఆవిడని కూడా వెంట తీసుకెళ్లు, అనుమానాలన్నీ ఆవిడనే అడగనీ. "నోరు కట్టుకుంటే పోతుంది" అనేది మనందరి ఇళ్లలో ఉన్న మాటే, కానీ ఇంత బరువు దగ్గర అది చాలా అరుదు, ఎందుకో ఆవిడకి డాక్టర్ నోటితో వినిపించు. మనం తిండి తగ్గించి పది కిలోలు తగ్గగానే ఒంట్లో ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతుంది, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి తగ్గిపోతుంది, అందుకే తగ్గిందంతా మళ్లీ వచ్చేస్తుంది. ఈ ఆపరేషన్‌లో కడుపు చిన్నదవ్వడం ఒక్కటే కాదు, పేగు నుంచి వచ్చే హార్మోన్లు మారతాయి, కొంచెం తినగానే చాలు అనిపిస్తుంది. షుగర్ కూడా బరువు తగ్గకముందే, చాలామందికి ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే దిగడానికి కారణం అదే. నువ్వు చేతకాక చేయించుకుంటున్నది కాదు ఇది, ఆ మాట ముందు నువ్వు నమ్ము.

రెండు వారాల డైట్ ఎందుకంటే, లివర్ కోసం. మనలాంటివాళ్లకి లివర్ కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది, దాని ఎడమ భాగం సరిగ్గా పొట్ట సంచి మీద పరుచుకుని ఉంటుంది. సర్జన్ దాన్ని పైకి ఎత్తి పట్టుకునే కింద పని చేయాలి. బరువైన లివర్ ఎత్తితే చీరుకుని రక్తం కారే ప్రమాదం ఉంది, కనపడకపోతే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్‌ని మధ్యలో ఆపి పొట్ట కోయాల్సి రావచ్చు. పిండి పదార్థం, నూనె, తీపి ఆపేసి ప్రొటీన్ మీద ఉంటే రెండు వారాల్లోనే లివర్ కుంచించుకుంటుంది. కాబట్టి ఆ డైట్ నీ బరువు కోసం కాదు, ఆ రోజు టేబుల్ మీద నీ క్షేమం కోసం. నేను ఉడికించిన గుడ్లు, నూనె లేకుండా పెనం మీద కాల్చిన చికెన్, పాలకూర పప్పు పల్చగా, కీరదోస, మజ్జిగ, డైటీషియన్ రాసిన ప్రొటీన్ పొడి వీటితో గడిపాను. మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, చిరాకు ఉంటాయి, తర్వాత అలవాటవుతుంది. ఉప్పు నిమ్మకాయ కలిపిన నీళ్లు తాగుతూ ఉండు, బీపీ ఉంటే ఉప్పు సంగతి అడిగి. "ఇక మళ్లీ తినలేను కదా" అని ఆ వారాల్లో బిర్యానీ విందులు పెట్టుకునేవాళ్లు ఉన్నారు, ఆ పని మాత్రం చేయకు.

ఇక తర్వాత. మొదటి రోజో రెండో రోజో నీళ్లు, పల్చటి కొబ్బరినీళ్లు, వడకట్టిన సూప్. తర్వాత దాదాపు రెండు వారాలు అన్నీ తాగేవే. మీ ఆస్పత్రి కాగితంలో బ్రోత్ అంటే మన ఇంట్లో పెసరకట్టు, వడకట్టిన చికెన్ సూప్, కారం లేని చారు అనుకో. యోగర్ట్ అంటే చిలికిన మజ్జిగ, పల్చటి పెరుగు. మూడో వారం నుంచి మెత్తగా మెదిపినవి: బాగా ఉడికిన పెసరపప్పు, మెదిపిన గుడ్డు, పనీర్ నలిపి, ముళ్లు తీసేసి మెదిపిన చేప. రాగిజావ కూడా అప్పుడే, కానీ అది కడుపు నింపేస్తుంది, అందులో ప్రొటీన్ తక్కువ, కాబట్టి రోజంతా జావ మీద ఉండొద్దు. అయిదారు వారాలకి మామూలు తిండి కొద్దికొద్దిగా. మీ డాక్టర్ వారాలు కొంచెం అటూ ఇటూ చెప్తే ఆయన చెప్పిందే చెయ్యి, ఒక్కో చోట ఒక్కో పద్ధతి.

నీ లెక్క ఒకటే, రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్. గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల పనీర్‌లో 18 దగ్గర, పావులీటరు పాలల్లో ఎనిమిది. మనం పప్పు అంటే ప్రొటీన్ అనుకుంటాం, కానీ మనింట్లో వండుకునే పల్చటి పప్పు ఒక చిన్న గిన్నెడు తింటే అయిదారు గ్రాములకి మించదు, అదీ ఆ మొదటి నెలల్లో గిన్నెడు పట్టదు నీకు. అందుకే పొడి తప్పదు.

అన్నం తినగలవు. నేను తింటున్నాను. కానీ తెల్లన్నం ముద్దగా అయి పైన పట్టేసినట్టు ఉంటుంది చాలామందికి, మొదటి రెండు మూడు నెలలు దాని జోలికి పోకపోవడం మంచిది. తర్వాత కూడా కంచంలో వరస మార్చుకోవాలి: ముందు గుడ్డో చికెనో పనీరో, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. చిన్న గిన్నె, టీ చెంచా పెట్టుకో, ప్రతి ముద్దా నోట్లోనే పేస్ట్ అయ్యేదాకా నములు, అరగంట పట్టినా పర్లేదు. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, తిన్న అరగంటకి మొదలుపెట్టి రోజంతా గుక్క గుక్కగా లీటరున్నర, రెండు లీటర్లు అయ్యేలా చూసుకో. ఆపరేషన్ తర్వాత జనం మళ్లీ ఆస్పత్రిలో చేరడానికి పెద్ద కారణాల్లో ఒకటి నీళ్లు చాలకపోవడమే.

తీపి గురించి. బైపాస్ తర్వాత లడ్డూ, కూల్‌డ్రింక్, జిలేబీ లాంటివి నేరుగా పేగులోకి దూకుతాయి, కాసేపటికే గుండె దడ, చెమటలు, కళ్లు తిరగడం, విరేచనం. డంపింగ్ అంటారు. ఒక్కోసారి రెండు గంటల తర్వాత షుగర్ పడిపోవడం కూడా ఉంటుంది. మీ అత్తగారికి ఇది ముందే చెప్పు, పండక్కి "ఒక్కటే తినమ్మా" అంటారు.

జుట్టు, అవును ఊడుతుంది, మూడో నెల నుంచి ఆరో నెల దాకా ఎక్కువ. ఆపరేషన్, వేగంగా బరువు తగ్గడం ఈ రెండింటి షాక్‌కి వెంట్రుకలు ఒకేసారి రాలే దశకి వెళ్తాయి. ప్రొటీన్, ఐరన్ సరిగా ఉంటే మళ్లీ వస్తుంది. నాకు వచ్చింది. స్కూల్‌కి మూడు నాలుగు వారాల సెలవు పెట్టుకో, పుస్తకాల కట్టలు, నీళ్ల బిందెలు ఆరు వారాల దాకా ఎత్తకు, క్లాసులో కుర్చీ వేయించుకుని కూర్చునే చెప్పు, చేతిలో బాటిల్ ఉండాలి.

వార్డు సిస్టర్:

అక్క గారు తిండి సంగతి బాగా చెప్పారు. నేను హైదరాబాద్‌లో సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని, వేరేవి చెప్తాను.

టీచర్ గారూ, ఆ రెండు రకాల షుగర్ బిళ్లలు ఏవో ఇవాళే పేర్లు చూసుకోండి. గ్లిమిపిరైడ్ లాంటిదైతే, అన్నం మానేసి అదే డోసు వేసుకుంటే షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు, డైట్ మొదలుపెట్టే రోజుకే డాక్టర్‌ని అడిగి తగ్గించుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివైతే ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందే ఆపాలి, ఎందుకంటే తిండి తగ్గించి ఆ మందు వాడుతుంటే షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ డైట్ రెండు వారాలూ అది వాడొచ్చా లేదా అన్నది కూడా అప్పుడే అడగండి. వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ఎవరైనా వాడుతుంటే మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, అవి కడుపులో తిండిని నిలవ ఉంచుతాయి, మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. ఏదీ మీ అంతట మీరు ఆపకండి, మార్చకండి, ఫోన్ చేసి అడగండి.

మూడు బంతుల ఊపిరి పరికరం ఇచ్చి ఉంటారు, ఇప్పటి నుంచే రోజూ పీల్చండి. మీ స్లీప్ మెషీన్, మాస్క్ ఆస్పత్రికి తెచ్చుకోండి, చాలామంది ఇంట్లో వదిలేసి వస్తారు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగేవాళ్లు ఆపరేషన్ చేయించుకునేవాళ్లైతే కనీసం ఆరు వారాల ముందు మానాలి, కుట్లు మానవు, అల్సర్లు వస్తాయి.

ఆపరేషన్ సాయంత్రమే లేపి నడిపిస్తాం. నొప్పి, మగత, ఏడుపొస్తుంది, అయినా లేవండి. మమ్మల్ని రాక్షసులు అనుకోవద్దు, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి వెళ్లకుండా ఉండాలంటే నడకే మందు, దానికి తోడు పొట్ట మీద చిన్న ఇంజెక్షన్లు. ఇంటికెళ్లాక కూడా గంటకోసారి లేచి తిరగండి. ఖమ్మం నుంచి వస్తున్నారు కాబట్టి కారులో తిరుగు ప్రయాణంలో మధ్యలో ఆగి దిగి నడవండి.

ఇది మాత్రం ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి: విశ్రాంతిగా ఉన్నా నాడి 120 దాటడం, జ్వరం, పెరుగుతున్న కడుపు నొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం. కుట్టు దగ్గర లీకైతే ఇలా ఉంటుంది, చాలాసార్లు జ్వరం కంటే ముందు నాడే పరుగెడుతుంది. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, ఆపరేషన్ చేసిన చోటికే ఫోన్ చేసి బయలుదేరండి. కాలి పిక్క ఒకటి వాచి నొప్పి పెట్టినా అంతే.

ఇంకొకటి మన ఊళ్లలో చాలా ముఖ్యం. ఒళ్లు నొప్పులనో జ్వరమనో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫినాక్ సూది వేసేస్తారు. బైపాస్ అయినవాళ్లకి డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫినాక్ ఇవేవీ వద్దు, బిళ్ల అయినా సూది అయినా, కలిపిన చోట పుండు పడి రక్తం కారుతుంది. పారాసిటమాల్ పర్లేదు. ఒక చిన్న కార్డు మీద "గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది, డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు ఇవ్వకండి" అని రాసి పర్సులో పెట్టుకోండి.

ఏలూరు నుంచి:

నేను చేయించుకోలేదు, మా ఆవిడకి స్లీవ్ అయింది. టీచర్ గారి వాళ్లాయన కూడా ఇది చదవాలని రాస్తున్నాను.

ఆపరేషన్ చక్కగా జరిగింది. రెండో నెలలో వాంతులు మొదలయ్యాయి. ఏం తాగినా బయటికే. ఆపరేషన్ తర్వాత ఇవి మామూలే అని అందరూ అన్నారు, మేమూ అలాగే ఉన్నాం. బాగా నీరసించాక దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే గ్లూకోజ్ సీసాలు ఎక్కించారు. మర్నాటికి నడిస్తే తూలుతోంది, వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయంటోంది, మాట పొంతన లేదు. సర్జన్ గారి టీమ్‌కి ఫోన్ చేస్తే వాళ్లు అడిగిన మొదటి మాట, బీ1 ఇంజెక్షన్ ఇచ్చారా అని. థయామిన్ అంటారు దాన్ని. ఒంట్లో అది కొన్ని వారాలకి సరిపడానే నిలవ ఉంటుందట, వాంతులతో అయిపోతుంది, అది లేనప్పుడు గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు, నరాలు దెబ్బతింటాయి. వెంటనే అక్కడే ఇంజెక్షన్లు మొదలుపెట్టించి హైదరాబాద్ తీసుకెళ్లాం. చూపు త్వరగానే బాగుపడింది, నడక సరిగా రావడానికి నెలలు పట్టింది.

భయపెట్టడానికి చెప్పట్లేదు, ఆపరేషన్ మంచిదే, మా ఆవిడ ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది, మోకాళ్ల నొప్పి పోయింది. కానీ వాంతులు రెండు మూడు రోజులు వరసగా అవుతుంటే అది మామూలు కాదు. ఏ ఊరి డాక్టర్ దగ్గరికి వెళ్లినా "ఈవిడకి బరువు తగ్గే ఆపరేషన్ అయింది, గ్లూకోజ్ కంటే ముందు బీ1 ఇవ్వండి" అని మీరే గట్టిగా చెప్పండి. ఆ సమయంలో ఆవిడ చెప్పే స్థితిలో ఉండరు, పక్కనున్నవాళ్లే చెప్పాలి.

పాలసీ బాబాయ్:

ఎవరూ డబ్బుల మాట ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా. ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలని నియంత్రించే సంస్థ) నియమాల ప్రకారం వయసు 18 నిండి, డాక్టర్ సలహా ఉండి, బీఎంఐ 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఈ ఆపరేషన్‌ని స్థూలకాయం అనే కారణంతో పాలసీ నుంచి తీసేయకూడదు. 35 లేదా ఆ పైన ఉండి, కంట్రోల్ కాని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం), గుండె జబ్బు లాంటివి ఉన్నా అంతే, కాకపోతే వేరే పద్ధతుల్లో తగ్గడానికి ప్రయత్నించి కుదరలేదని చూపించాలి. అమ్మా, మీ బీఎంఐ 45 కాబట్టి అర్హత ఉంది, కానీ వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ ఇవ్వడానికి ఆగాల్సిన గడువు) అయిందో లేదో పాలసీలో చూడండి. స్లీప్ స్టడీ రిపోర్టు, పాత షుగర్ రిపోర్టులు, డైటీషియన్ చీటీలు, ఎత్తు బరువు రాసిన కాగితం అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి ముందస్తు అనుమతికి పంపించండి. స్టేప్లర్ (లోపల కోసి కుట్టే పరికరం) ఖర్చులు విడిగా కట్టమంటారు కొన్నిచోట్ల, అంచనా కాగితం ముందే రాయించుకోండి.

గుంటూరు నుంచి చెల్లి:

మధ్యలో అడుగుతున్నా క్షమించండి. నాకు 27, పీసీఓడీ (హార్మోన్ల తేడాతో నెలసరి సరిగా రాని సమస్య) ఉంది, బరువు వల్ల ఆపరేషన్ ఆలోచిస్తున్నారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. తర్వాత పిల్లలు పుట్టడానికి ఇబ్బందా? అమ్మ అదే భయపడుతోంది.

వార్డు సిస్టర్:

ఇబ్బంది కాదమ్మా, పీసీఓడీ ఉన్నవాళ్లకి బరువు తగ్గాక నెలసరి సరిగా వచ్చి గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, అందుకే జాగ్రత్త. ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి, ఒంట్లో బరువు వేగంగా కరుగుతున్నప్పుడు బిడ్డకి కావలసినవి అందవు. బైపాస్ అయితే గర్భం రాకుండా వేసుకునే నోటి బిళ్లలు సరిగా పట్టకపోవచ్చు, వేరే పద్ధతి గైనకాలజిస్ట్‌ని అడగాలి. గర్భం వచ్చాక షుగర్ పరీక్షకి గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు కదా, బైపాస్ అయిందని ముందే చెప్పు, అది తాగితే డంపింగ్ వస్తుంది, వేలి మీద చుక్క రక్తంతో కొన్ని రోజులు చూసి తెలుసుకోవచ్చు. పెళ్లి మాటలకి ముందు చేయించుకోవాలా తర్వాతా అన్నది మీ ఇంటి విషయం, కానీ చేసుకోబోయే అబ్బాయికి చెప్పే చేసుకో, జీవితాంతం విటమిన్లు వేసుకోవాలి, దాచడం కుదరదు.

ఖమ్మం టీచర్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సిస్టర్ గారూ, మీరు చెప్పాక చూస్తే నా బిళ్లల్లో ఒకటి గ్లిమిపిరైడే, పొద్దున డాక్టర్ గారికి ఫోన్ చేశాను, డైట్ మొదలయ్యే రోజు నుంచి డోసు తగ్గించారు. అక్క రాసిందంతా అత్తయ్యకి చదివి వినిపించాను. లివర్ సంగతి విని కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "పెసరకట్టులో ఇంగువ వేయొచ్చా" అని అడిగారు. ఇంకో రెండు అడగమన్నారు. కార్తీక మాసంలో మేం ఉపవాసాలు ఉంటాం, ఉండొచ్చా? నాకు రోజుకి నాలుగు టీలు అలవాటు, మానేయాలా? విటమిన్లు నిజంగా జీవితాంతమా, బరువు తగ్గాక ఆపొచ్చా?

బెజవాడ అక్క:

ఇంగువ చిటికెడు వేసుకో, కారం, పోపు నూనె మాత్రం మొదటి నెల వద్దు.

ఉపవాసం మొదటి ఏడాది మాట ఎత్తొద్దు. నువ్వు ఒక పూటకి తినేదే నాలుగు చెంచాలు, ఆ పూట పోతే ఆ రోజు ప్రొటీన్ పోయినట్టే, నీళ్లు కూడా తాగని ఉపవాసమైతే అసలే వద్దు. దీపం పెట్టుకో, గుడికి వెళ్లు, నీళ్లు తాగుతూ ఉండు. మాంసం మానేసే నెల కాబట్టి పనీర్, పెరుగు, మీల్‌మేకర్, పాలు పెంచుకోవాలి.

టీ మొదటి నెల ఆపు, తర్వాత రెండుకి తగ్గించు, చక్కెర లేకుండా. ఐరన్ బిళ్ల వేసుకున్న ముందూ వెనకా టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం కూడా కలిపి వేసుకోకు, మధ్య రెండు గంటలు ఉండాలి. కాల్షియం సిట్రేట్ అని ఉన్నదే అడిగి తీసుకో, మందుల షాపులో కార్బొనేట్ చేతిలో పెడతారు, బైపాస్ కడుపులో ఆమ్లం తక్కువ కాబట్టి అది సరిగా కరగదు.

విటమిన్లు జీవితాంతమే. పేగులో తిండి పీల్చుకునే మొదటి భాగాన్ని దాటించేశారు కదా, ఐరన్, కాల్షియం అక్కడే ఎక్కువ పట్టేవి, బీ12 పట్టడానికి కావలసింది కడుపులో తయారయ్యేది, ఇప్పుడది తిండితో కలవదు. మందు ఆపేసిన రోజు ఏమీ తెలియదు, ఒకటి రెండేళ్ల తర్వాత అరికాళ్లు తిమ్మిర్లు, మెట్లెక్కితే ఆయాసం, ఎముకల నొప్పి మొదలవుతాయి, అప్పటికి ఆపరేషన్ అయిన సంగతి ఎవరికీ గుర్తుండదు. మొదటి ఏడాది మూడు నాలుగు సార్లు, తర్వాత ఏడాదికోసారి తప్పకుండా రక్తపరీక్ష: రక్తం శాతం, ఫెర్రిటిన్ (ఐరన్ నిలవ చూపేది), బీ12, డీ విటమిన్, కాల్షియం, పారాథైరాయిడ్ (కాల్షియంని అదుపు చేసే హార్మోన్). పిత్తాశయంలో రాళ్లు రాకుండా ఆరు నెలలు ఉర్సోడియాక్సికోలిక్ బిళ్ల రాస్తారు, రాయకపోతే అడుగు.

బరువు మూడో వారంలోనో నాలుగో వారంలోనో ఒక్కసారిగా తగ్గడం ఆగుతుంది, ఒక్క గ్రాము కదలదు. చాలామందికి అవుతుంది, వారం పది రోజుల్లో మళ్లీ కదులుతుంది. ఆ రోజుల్లో తూకం మిషన్ మంచం కింద పెట్టేసి, నాకు ఇక్కడే మెసేజ్ పెట్టు.